క్రైస్తవ నీతి – నేటి ధర్మసందేహాలు
(మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఒక్కొక్క మతంలోని నీతి నేటి జీవితానికి ఎట్లా ఉపయోగపడుతుందో ఆ మతానికి చెందిన సభ్యుడే చెబితే బాగుంటుందని కార్యదర్శిగారు భావించి, క్రైస్తవ నీతి గురించి చెప్పే పని నాకు అప్పగించారు. నేను పాస్టరును కాను, వేదాంత పండితుణ్ణీ కాను. ఉద్యోగకాలమంతా గుమాస్తాగా ఫైళ్ళు నడిపినవాణ్ణి. ఆదివారం చర్చికి వెళ్ళే కుటుంబంలో పుట్టి పెరిగినందువల్ల అబ్బిన నాలుగు ముక్కలు మీతో పంచుకుంటాను. ఇది మతప్రచారం కాదని ముందే మనవి చేస్తున్నాను. పెనుకొండలో బాబయ్య దర్గాకు అన్ని మతాలవాళ్ళూ వెళ్ళి మొక్కుకుంటారు. అక్కడ ఎవరూ మతం మార్చుకోరు. మనశ్శాంతి మాత్రం తెచ్చుకుంటారు. ఈ ప్రసంగాన్నీ అదే విధంగా స్వీకరించమని ప్రార్థన.

క్రైస్తవ నీతి అనగానే మోషేకు దేవుడిచ్చిన పది ఆజ్ఞలు గుర్తుకొస్తాయి. అవి ముఖ్యమే. అయితే యేసు ప్రభువు ధర్మశాస్త్రం మొత్తాన్ని రెండు మాటల్లోకి కుదించాడు. దేవుణ్ణి పూర్ణహృదయంతో ప్రేమించడం ఒకటి, పొరుగువాణ్ణి తనతో సమానంగా ప్రేమించడం రెండవది. మొదటిది మనిషికీ దేవుడికీ మధ్య వ్యవహారం. రెండవది నలుగురిలో బయటపడేది, అందరూ లెక్క చూడగలిగేది. నేటి ధర్మసందేహాలన్నీ ఈ రెండవదాని దగ్గరే వస్తున్నాయి.

లూకా సువార్త పదవ అధ్యాయంలో ఒక ధర్మశాస్త్ర పండితుడు యేసును సరిగ్గా ఈ విషయం మీదనే ప్రశ్నిస్తాడు. పొరుగువాడంటే ఎవరో నిర్ణయించి చెప్పమంటాడు. మన ఆఫీసు భాషలో చెప్పాలంటే ఇది జూరిస్‌డిక్షన్ ప్రశ్న. ఈ ఫైలు మా సెక్షన్‌దా, పక్క సెక్షన్‌దా? ఎంతవరకు నా బాధ్యత, ఎక్కడి నుండి కాదు? సర్వీసు చేసిన మనందరికీ బాగా పరిచయమున్న ప్రశ్నే.

దానికి జవాబుగా యేసు ఒక కథ చెప్పాడు. యెరూషలేము నుండి యెరికోకు దిగే దారి దాదాపు ఇరవై ఏడు కిలోమీటర్లు, అంతా కొండలూ లోయలూ. ఆ దారిలో దొంగలు ఒక ప్రయాణికుణ్ణి కొట్టి, బట్టలు కూడా ఊడదీసుకుని, కొనవూపిరితో వదిలిపోయారు. అటుగా ఒక యాజకుడు వచ్చాడు, చూశాడు, రోడ్డుకు ఆ పక్కనుండి వెళ్ళిపోయాడు. దేవాలయంలో సేవచేసే లేవీయుడు ఒకడు వచ్చాడు, అతనూ అంతే. మూడవవాడు సమరయుడు. అతను గాయాలకు నూనె, ద్రాక్షారసం పోసి కట్టు కట్టి, తన వాహనం మీద ఎక్కించి, సత్రానికి తీసుకుపోయి, రాత్రంతా దగ్గరుండి చూసుకున్నాడు. మరునాడు సత్రం యజమానికి రెండు దేనారాలు ఇచ్చాడు. అంటే రెండు రోజుల కూలి. అంతకన్నా ఎక్కువ ఖర్చయితే తిరుగు ప్రయాణంలో ఇస్తానని ఒప్పుకున్నాడు.

కథ ముగించి యేసు ఆ పండితుణ్ణి తిరిగి ఒక ప్రశ్న అడిగాడు. ఈ ముగ్గురిలో ఆ దెబ్బలు తిన్నవానికి పొరుగువాడిగా నడుచుకున్నది ఎవరు అని. గమనించండి, ప్రశ్న మారిపోయింది. పండితుడు తన దగ్గర నిలబడి, ఎవరెవరు నా పొరుగువారు అని గీత గీయబోయాడు. యేసు అతన్ని తీసుకెళ్ళి దారిలో పడి ఉన్న మనిషి పక్కన కూర్చోబెట్టాడు. అక్కడి నుండి చూస్తే గీత కనపడదు. ఎవరు వచ్చి చెయ్యి అందిస్తారా అన్నదొక్కటే కనపడుతుంది. నాకు అర్థమైనంతవరకు క్రైస్తవ నీతి సారాంశం ఇదే. ఏ ధర్మసందేహం వచ్చినా, నిర్ణయం చేసేవాడి కుర్చీలో నుండి లేచి, ఆ నిర్ణయం ఎవరి మీద పడుతుందో వాడి పక్కన కూర్చుని చూడాలి. ఈ కొలతతో నేటి విషయాలు నాలుగు చూద్దాం.

మొదటిది రోడ్డు. మన మూడు ఊళ్ళకూ బెంగళూరు–హైదరాబాదు రహదారి దగ్గరే. పాత ఏడో నంబరు, ఇప్పటి నలభైనాలుగో నంబరు జాతీయ రహదారి పెనుకొండ పక్కనుండే పోతుంది. 2019లో ఎర్రమంచి దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీలో ఉత్పత్తి మొదలైన తర్వాత రాకపోకలు ఇంకా పెరిగాయి. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర ప్రభుత్వమే లెక్క చెప్పింది. వీరిలో వెంటనే ఆసుపత్రికి చేర్చి ఉంటే బ్రతికేవారు చాలామంది ఉంటారని డాక్టర్లు అంటారు. మరి జనం ఎందుకు ఆగరు? రాతిగుండె ఉండి కాదు. పోలీసు కేసులో ఇరుక్కుంటామని, సాక్ష్యానికి కోర్టు చుట్టూ తిరగాల్సి వస్తుందని, ఆసుపత్రివాళ్ళు డబ్బు కట్టమంటారని భయం. ఆ యాజకుడికి కూడా ఇటువంటి భయమేదో ఉండి ఉంటుంది. శవాన్ని ముట్టుకుంటే యాజకుడికి మైల అని వాళ్ళ శాస్త్రం చెబుతుంది.

ఈ భయాన్ని పోగొట్టడానికి మన చట్టమే ముందుకొచ్చింది. ఆదుకున్నవారిని వేధించకుండా రక్షణ కల్పించే మార్గదర్శకాలకు సుప్రీంకోర్టు 2016 మార్చి 30న చట్టబలం ఇచ్చింది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి 134–ఎ అనే సెక్షన్ చేర్చారు. దానికింద నియమాలు 2020లో వచ్చాయి. దీని ప్రకారం సదుద్దేశంతో, ప్రతిఫలం ఆశించకుండా క్షతగాత్రుణ్ణి ఆదుకున్న వ్యక్తి మీద సివిల్ గానీ క్రిమినల్ గానీ బాధ్యత పడదు. పేరు, చిరునామా చెప్పమని బలవంతం చేయరాదు. ఆసుపత్రిలో నిలబెట్టి డబ్బు అడగరాదు. సాక్షిగా ఉండటం అతని ఇష్టం. ఆ సెక్షన్‌లో అటువంటి వ్యక్తికి పెట్టిన పేరేమిటో తెలుసా? గుడ్ సమరిటన్. రెండువేల ఏళ్ళ క్రితం యేసు చెప్పిన కథలోని సమరయుడు, అన్ని మతాలవారూ కలిసి చేసుకున్న భారత చట్టంలోకి ఆ పేరుతోనే వచ్చాడు. తీసుకెళ్ళినవారికి ఇచ్చే బహుమతిని కూడా 2025లో ఇరవై అయిదు వేల రూపాయలకు పెంచారు. అదే సంవత్సరం, ప్రమాదం జరిగిన నాటి నుండి ఏడు రోజుల వరకు లక్షన్నర రూపాయలదాకా నగదు లేకుండా చికిత్స చేసే పథకమూ వచ్చింది. 108కి ఫోన్ చేయడం మన రాష్ట్రానికి 2005 నుండీ అలవాటే. కాబట్టి, ఆగకపోవడానికి చెప్పుకునే కారణాలు ఒక్కొక్కటే తగ్గిపోతున్నాయి. ఇంటిదగ్గర మన పిల్లలకు, మనవళ్ళకు ఈ సంగతి తప్పక చెప్పండి. చట్టం తెలిసినవాడు బండి ఆపుతాడు.

రెండవది, కొంచెం మనసుకు కష్టమైన విషయం. యేసు కథలో సమరయుణ్ణే ఎందుకు పెట్టాడు? ఆ కాలంలో యూదులకూ సమరయులకూ పడదు. ఒకరి పాత్రలో ఒకరు నీళ్ళు తాగేవారు కాదు. వినేవాళ్ళు యూదులు. కథలో పడి ఉన్నది తమవాడు, ఆదుకున్నది తాము అంటరానట్టు చూసేవాడు. ఆ పండితుడికి చివరలో సమరయుడు అనే పేరు పలకడానికి కూడా నోరు రాలేదు. జాలి చూపినవాడు అని మాత్రం చెప్పాడు.

మన రాయలసీమలో, మన తెలుగు దేశమంతటా టీ హోటళ్ళలో రెండు గ్లాసుల పద్ధతి చూసినవాళ్ళం మనం. క్రైస్తవుడిగా ఇక్కడ నిజం దాచకూడదు. చర్చిలో ఒకే బల్ల దగ్గర ప్రభు సంస్కారం తీసుకుని, బయటికొచ్చి పెళ్ళి సంబంధాలకు కులం అడిగేవాళ్ళు మాలోనూ ఉన్నారు. ఇతర దేశాల్లో బైబిలు చేతబట్టుకునే బానిస వ్యాపారాన్ని సమర్థించినవాళ్ళు ఉన్నారు, అదే బైబిలు చేతబట్టుకుని దాన్ని ఎదిరించినవాళ్ళూ ఉన్నారు. కాబట్టి గ్రంథం ఇంట్లో ఉన్నంత మాత్రాన నీతి అబ్బదు. మనం ప్రతి ఒక్కరం వేసుకోవలసిన ప్రశ్న ఒకటుంది. నేనే రోడ్డు పక్కన రక్తం కారుతూ పడి ఉంటే, ఏ కులంవాడి చేతి నీళ్ళు వద్దంటాను? అప్పుడు వద్దనని మనిషిని ఇప్పుడు గడప బయట ఎందుకు నిలబెడుతున్నాను?

దీనికి మన దగ్గరే ఒక ఉదాహరణ ఉంది. ధర్మవరం పక్కనే బత్తలపల్లి. అక్కడి ఆర్‌.డి.టి. ఆసుపత్రి మనకందరికీ తెలుసు. ఆ సంస్థను స్థాపించిన విన్సెంట్ ఫెర్రర్ స్పెయిన్ దేశస్థుడు, 1920లో బార్సిలోనాలో పుట్టాడు. 1952లో జెస్యూట్‌గా మన దేశానికి వచ్చి, మహారాష్ట్రలోని మన్మాడ్ ప్రాంతంలో పనిచేశాడు. 1968లో దేశం విడిచి వెళ్ళవలసి వచ్చింది. 1969లో తిరిగివచ్చి, కరువుకు పేరుబడ్డ మన అనంతపురాన్ని ఎంచుకున్నాడు. తర్వాత జెస్యూట్ సంఘాన్ని విడిచి, పెళ్ళి చేసుకుని, భార్యతో కలిసి ఇక్కడే ఉండిపోయాడు. 2009 జూన్‌లో అనంతపురంలో కన్నుమూశాడు, బత్తలపల్లి మట్టిలోనే ఆయన్ని ఖననం చేశారు. ఎయిడ్స్ అంటే సొంతవాళ్ళే దూరం పెట్టే రోజుల్లో ఆ రోగులకు బత్తలపల్లిలో మంచం వేసి మందులిచ్చారు. ఈ జబ్బు ఎలా వచ్చింది, ఎవరి తప్పు అన్న విచారణ ముందు పెట్టుకుంటే ఆ మంచం వేయడం కుదరదు. దారిలో పడి ఉన్నవాణ్ణి సమరయుడు, ఒంటరిగా ఈ దారిన ఎందుకొచ్చావని అడగలేదు.

మూడవది మన వయసువాళ్ళకు దగ్గరి విషయం, తల్లిదండ్రుల పోషణ. ఇక్కడ మార్కు సువార్త ఏడవ అధ్యాయంలో ఉన్న ఒక ఘట్టం చెప్పాలి. ఆ కాలంలో కొర్బాను అనే ఆచారం ఉండేది. ఒక వస్తువును లేదా ధనాన్ని కొర్బాను అని ప్రకటిస్తే అది దేవునికి అంకితమైనట్టు లెక్క. దాన్ని తల్లికిగానీ తండ్రికిగానీ ఇవ్వనక్కరలేదు. కొందరు ఈ వెసులుబాటును పట్టుకుని, ముసలి తల్లిదండ్రులకు మొండిచెయ్యి చూపారు. కాగితం ప్రకారం అంతా సక్రమమే, పైగా పుణ్యకార్యం. యేసు దీన్ని చాలా కఠినంగా ఖండించాడు. దేవుని పేరు చెప్పి దేవుని ఆజ్ఞనే కొట్టివేస్తున్నారని అన్నాడు.

రూలు పుస్తకాలతో బ్రతికిన మనకు ఇది వెంటనే అర్థమవుతుంది. రూలుకు లోబడే రూలు ఉద్దేశాన్ని చంపవచ్చు. ఈనాటి కొర్బాను రకరకాలుగా ఉంది. చర్చికి, గుడికి, ఆశ్రమానికి వేలకు వేలు రాసి, ఇంట్లో తల్లి కంటి ఆపరేషనును వచ్చే సంవత్సరానికి వాయిదా వేసేవారున్నారు. తండ్రి చేత దాన సెటిల్మెంటు రాయించుకుని, రిజిస్ట్రేషన్ అయిన నెలకే ఆయన మంచం వరండాలోకి మార్చేవారున్నారు. అందరు పిల్లలూ అలాంటివారని అనను. కన్నవాళ్ళను కళ్ళలో పెట్టుకుని చూసుకునే కొడుకులు, కోడళ్ళు, కూతుళ్ళు, అల్లుళ్ళు ఈ సభలోనే ఉన్నారు. అయినా జాగ్రత్త జాగ్రత్తే.

2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం గురించి ప్రతి పెన్షనరు తెలుసుకోవాలి. తమను తాము పోషించుకోలేని తల్లిదండ్రులు ట్రిబ్యునల్‌కు అర్జీ పెట్టుకోవచ్చు. మన దగ్గర రెవిన్యూ డివిజనల్ అధికారి దీన్ని విచారిస్తారు. నెలకు పదివేల రూపాయల వరకు పోషణ ఖర్చు ఇప్పించే అధికారం చట్టంలో ఉంది. అంతకన్నా ముఖ్యమైనది 23వ సెక్షన్. బాగోగులు చూసుకోవాలనే షరతు మీద ఆస్తి రాసిచ్చి, పుచ్చుకున్నవారు చూడకపోతే, ఆ దస్తావేజు రద్దు చేయవచ్చు. అయితే ఆ షరతు ఉండాలని సుప్రీంకోర్టు 2022 డిసెంబరులో ఒక తీర్పులో స్పష్టం చేసింది. 2025 జనవరి 2న మరో తీర్పులో ఈ చట్టాన్ని వృద్ధుల మేలు కోసం ఉదారంగా అర్థం చేసుకోవాలని, ట్రిబ్యునల్ ఆస్తిని తిరిగి స్వాధీనం కూడా చేయించవచ్చునని చెప్పింది. కాబట్టి నా విన్నపం ఏమంటే, ప్రేమకొద్దీ రాసిచ్చేటప్పుడు కూడా ఆ షరతును దస్తావేజులోనే ఒక వాక్యంగా రాయించండి. ఇది పిల్లల మీద అనుమానం అనుకోవద్దు. మంచి కొడుకుకు ఆ వాక్యం బరువు కాదు.

అదే సమయంలో బైబిలు తండ్రులకు కూడా ఒక మాట చెప్పింది. పిల్లల మనసు విసిగేటట్లు చేయవద్దని ఎఫెసీ సంఘానికి రాసిన పత్రికలో ఉంది. ఒక కొడుకును ఎత్తి ఇంకొకణ్ణి దించడం, కూతురికి పెళ్ళితోనే సరి అనడం, కోడలి ముందు గొప్పలు పోవడం, ఇవన్నీ మనవైపు లెక్కలో రాసుకోవాలి. పొరుగువాడు అనేది ఇంట్లో కూడా రెండువైపులా ఉండే బంధుత్వం.

నాలుగవది, చివరి మంచం. మన వయసులో దీన్ని తప్పించుకుని మాట్లాడటం పొరపాటు. ఐ.సి.యు.లో వెంటిలేటర్ మీద పెట్టి, బాగుపడే ఆశ లేదని డాక్టర్లే చెప్పిన తర్వాత కూడా, పొలం అమ్మి, నగలు తాకట్టు పెట్టి రోజులు లాగే కుటుంబాలను చూస్తున్నాం. ఆపితే పాపం అంటారేమో, నలుగురూ ఏమనుకుంటారో అని వాళ్ళ భయం. క్రైస్తవ నీతి ప్రకారం ప్రాణం దేవుని సొత్తు. దాన్ని కావాలని తీయడానికి రోగికైనా, డాక్టరుకైనా, బంధువుకైనా హక్కులేదు. ఇందులో సందేహం లేదు. కానీ మరణాన్ని ఎట్లాగైనా వాయిదా వేసి తీరాలని కూడా ఈ నీతి చెప్పదు. పోప్ పన్నెండవ పయస్ 1957 నవంబరులో మత్తు డాక్టర్లతో మాట్లాడుతూ, రోగికి గానీ కుటుంబానికి గానీ మోయలేని భారమయ్యే అసాధారణ చికిత్సలు చేయించి తీరాలన్న నిర్బంధం లేదని వివరించారు. నేను కేథలిక్కును కాకపోయినా ఈ తేడా నాకు న్యాయంగా తోస్తుంది. చంపడం వేరు, పోయే ప్రాణాన్ని పోనివ్వడం వేరు. అన్నం, నీళ్ళు, నొప్పికి మందు, పక్కన ఒక మనిషి, ఇవి మాత్రం ఏ దశలోనూ మానేవి కావు.

బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రి నర్సు అరుణా షాన్‌బాగ్ సంగతి చాలామంది పేపర్లలో చదివి ఉంటారు. 1973లో ఒక దుండగుడి దాడిలో మెదడు దెబ్బతిని ఆమె మంచాన పడింది. ఆమెకు ఆహారం ఆపి ప్రశాంతంగా పోనివ్వమని ఒక పిటిషను వచ్చింది. వేసినవారు దయతోనే వేశారు. సుప్రీంకోర్టు 2011లో, కొన్ని షరతులకు లోబడి చికిత్స విరమించవచ్చునని సూత్రప్రాయంగా ఒప్పుకుంది. కానీ అరుణ విషయంలో ఒప్పుకోలేదు. అన్ని సంవత్సరాలు ఆమెను సాకినవాళ్ళు ఆ ఆసుపత్రి సిబ్బంది కాబట్టి ఆమె తరఫున మాట్లాడే హక్కు వారిదే అని కోర్టు తేల్చింది. ఆ నర్సులు వద్దన్నారు. ఒక బ్యాచి రిటైరైతే తర్వాతి బ్యాచి ఆమెకు స్నానం చేయించింది, అన్నం తినిపించింది. 2015 మే నెలలో న్యుమోనియాతో ఆమె సహజంగా కన్నుమూసేవరకు, నలభైయొక్క ఏళ్ళకు పైగా ఈ సేవ సాగింది. రక్తసంబంధం లేదు, ఆస్తి లేదు. ఎవరు ఆమెకు పొరుగువారైనారో మీరే చెప్పండి.

2018 మార్చి 9న సుప్రీంకోర్టు లివింగ్ విల్‌ను, అంటే బాగుపడే ఆశలేని స్థితిలో తనకు ఏ చికిత్స వద్దో ముందుగా రాసిపెట్టుకునే పత్రాన్ని, అంగీకరించింది. 2023 జనవరిలో పద్ధతిని సులువు చేసింది. ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేసి, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరిస్తే సరిపోతుంది. ఆ సమయం వచ్చినప్పుడు డాక్టర్ల బోర్డులు పరిశీలించి నిర్ణయిస్తాయి. రాసుకోవాలా వద్దా అన్నది ఎవరి మనస్సాక్షి వారిది. నేను చెప్పేదొక్కటే. మన తరఫున ఎవరు మాట్లాడాలో, మనకేమి కావాలో తెలివి ఉన్నప్పుడే ఇంట్లో చెప్పి పెడదాం. ఆ బరువు ఐ.సి.యు. తలుపు దగ్గర ఏడుస్తున్న కూతురి మీద వేయవద్దు. అట్లాగే, ఖర్చు తగ్గుతుందని ముసలివాళ్ళ వైద్యం త్వరగా ఆపేసే ప్రమాదమూ లేకపోలేదు. అందుకే ప్రతిసారీ అదే ప్రశ్న వేసుకోవాలి. ఈ నిర్ణయం ఎవరి భారం తగ్గించడానికి? మంచం మీద ఉన్నవారిదా, మంచం పక్కన ఉన్నవారిదా?

ఇదంతా విని ఒకరు అడగవచ్చు. లోకంలోని కష్టాలన్నీ మనమే మోయాలా, మన పెన్షను ఎంత, మన మోకాళ్ళ బలమెంత? న్యాయమైన ప్రశ్న. సమరయుడు కూడా తన ప్రయాణం మానుకోలేదు. మరునాడు తన పనిమీద తాను వెళ్ళాడు. అయితే వెళ్ళేముందు సత్రం యజమానికి అప్పజెప్పి, డబ్బు కట్టి, మళ్ళీ వచ్చి చూస్తానన్నాడు. అంటే ఒక్కడు చేయలేనిది ఒక ఏర్పాటు చేస్తుంది. ఆ ఏర్పాటు పేరే సత్రం, ఆసుపత్రి, చట్టం. ఆ పేరే సంఘం కూడా.

అందువల్ల మన సంఘం ముందు మూడు చిన్న పనులు పెడుతున్నాను. ఒకటి, మంచాన పడిన సభ్యుల, ఒంటరిగా ఉన్న కుటుంబ పెన్షనర్ల జాబితా ఊరివారీగా తయారుచేసి, నెలకొకసారి ఇద్దరేసి వెళ్ళి పలకరించడం. లైఫ్ సర్టిఫికెట్ కోసం కదలలేనివారికి ఇంటిదగ్గరే సాయం చేయడం ఇందులో భాగం కావాలి. రెండు, దాన సెటిల్మెంటు రాసేముందు ఎవరైనా సలహా అడిగితే, దస్తావేజుల పని తెలిసిన మన సభ్యులు ఉచితంగా చదివిపెట్టడం. మూడు, ప్రమాద బాధితులను ఆదుకునేవారికి చట్టం ఇచ్చిన రక్షణను ఒక కాగితం మీద తెలుగులో రాసి, బస్టాండులో, ఆటో స్టాండ్లలో అంటించడం. దీనికి జెరాక్సు ఖర్చు తప్ప పెట్టుబడి అక్కరలేదు. డ్రాఫ్టింగు మన చేతిలో పనే.

ఈ మూడింటిలో ఏదో ఒకదానికి సభ అయిన తర్వాత కార్యదర్శిగారి దగ్గర పేర్లు ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. మొదటి పనికి పెనుకొండ వైపు నా పేరు రాసుకోమని వారికి మనవి చేశాను.